అంటారియోలో వారసత్వ ఇంటి మరమ్మతుకు సిటీ గ్రాంటు: బైలా చదవడం నుంచి చెక్కు చేతికి వచ్చేదాకా

కెనడాలోని అంటారియో రాష్ట్రంలో పాత ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. "మా ఇంటికి హెరిటేజ్ గుర్తింపు ఉందట, మరమ్మతుకు సిటీ సగం డబ్బు ఇస్తుందట, ఆ డబ్బు ఎలా తెచ్చుకోవాలి?" అని. దానికి వరుస క్రమంలో జవాబు చెప్పడమే ఈ వ్యాసం పని.

రెండు సంగతులు మొదటే మనసులో పెట్టుకోవాలి. మీ ఇంటికి గుర్తింపు ఇస్తూ నగర కౌన్సిల్ చేసిన బైలాలో (స్థానిక చట్టంలో) పేరుపెట్టి రాసిన భాగాల పనికే గ్రాంటు వస్తుంది. అది కూడా అనుమతి చేతికి వచ్చిన తరువాత మొదలుపెట్టిన పనికే వస్తుంది. తిరస్కరణలు ఎక్కువగా ఈ రెండింటి దగ్గరే జరుగుతాయి.

## 1. మీ ఇల్లు ఏ కోవలోకి వస్తుందో తేల్చుకోండి

అంటారియో హెరిటేజ్ చట్టం కింద ఇళ్లకు మూడు రకాల హోదాలు కనిపిస్తాయి. చట్టంలోని 4వ భాగం కింద ఆ ఒక్క ఇంటికే బైలా చేసి ఇచ్చే గుర్తింపు మొదటిది. 5వ భాగం కింద ఒక వీధినో పేటనో మొత్తంగా పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించినప్పుడు అందులోని ఇళ్లకు వచ్చే గుర్తింపు రెండవది. బ్రాంప్టన్‌లోని చర్చ్‌విల్ గ్రామం ఇందుకు ఉదాహరణ. గుర్తింపు లేకుండా సిటీ రిజిస్టరులో పేరు మాత్రం చేర్చిన "లిస్టెడ్" ఇల్లు మూడవది.

గుర్తింపు ఉన్న ఆస్తుల యజమానులకు గ్రాంటు గానీ రుణం గానీ ఇవ్వడానికి నగర కౌన్సిలుకు చట్టంలోని 39వ సెక్షన్ అధికారం ఇస్తుంది. అధికారం ఇచ్చిందే తప్ప తప్పనిసరి చేయలేదు కాబట్టి, ఒక ఊళ్లో ఉన్న పథకం పక్క ఊళ్లో లేకపోవచ్చు. లిస్టెడ్ ఇంటికి సాధారణంగా గ్రాంటు రాదు. అలాంటి ఇంటి యజమాని గుర్తింపు ఇవ్వమని తానే కోరవచ్చు. ఈ చట్టం కింద చేసిన 9/06 నిబంధనలోని తొమ్మిది ప్రమాణాల్లో కనీసం రెండింటికి ఆ ఇల్లు సరిపోవాలి. ఈ ఆలోచన ఉంటే ఆలస్యం చేయకండి. 2022 సవరణ తరువాత లిస్టెడ్ ఇళ్ల పేర్లు ఎల్లకాలం రిజిస్టరులో ఉండవు. గడువులోగా గుర్తింపు ప్రక్రియ మొదలుకాకపోతే పేరు తీసేయాల్సిందే.

హోదా తెలుసుకోవడానికి సిటీ వెబ్‌సైటులోని హెరిటేజ్ రిజిస్టరు చూడండి. గుర్తింపు బైలాను ఆస్తి టైటిల్ మీద రిజిస్టరు చేస్తారు కాబట్టి అంటారియో ఆస్తి రికార్డులుండే ఆన్‌ల్యాండ్ పోర్టల్‌లో రుసుము కట్టి దాని ప్రతి తీసుకోవచ్చు. కొన్ననాటి లాయరు ఫైలులో కూడా అది ఉండే అవకాశం ఉంది.

## 2. బైలాను పెన్సిలు పట్టుకుని చదవండి

బైలా చివర వారసత్వ లక్షణాల జాబితా ఉంటుంది. ముందు వసారా చెక్క స్తంభాలు, ఎర్ర ఇటుక గోడలు, పొగగొట్టం, రెండు రెక్కల చెక్క కిటికీలు, తలుపు పైనున్న రంగు గాజు అన్నట్టు ఒక్కొక్కటీ రాసి ఉంటుంది. మీరు చేయదలచిన పనిలోని ప్రతి అంశమూ ఈ జాబితాలో ఎక్కడుందో గుర్తు పెట్టుకోండి. లేని అంశాన్ని దరఖాస్తులోంచి తీసేసి, ఆ ఖర్చు మీ సొంతమని రాసుకోండి.

1980లలో చేసిన బైలాలు కొన్ని ఒక్క పేరాతో ముగుస్తాయి, జాబితా ఉండదు. అప్పుడు మీ అంతట మీరు అర్థం చెప్పుకోకుండా, ఏయే భాగాలను వారసత్వ లక్షణాలుగా లెక్కిస్తారో సిటీ హెరిటేజ్ ప్లానర్‌ను (వారసత్వ కట్టడాల వ్యవహారాలు చూసే అధికారిని) ఈమెయిలులో అడిగి రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోవాలి. పరిరక్షణ ప్రాంతంలోని ఇంటికైతే విడి బైలా కాకుండా ఆ ప్రాంతపు ప్రణాళిక పత్రమే ఆధారం. అందులో వీధి వైపు కనిపించే ముఖభాగానికే ప్రాధాన్యం ఎక్కువ.

## 3. డబ్బు లెక్క ముందే వేసుకోండి

ఈ పథకాలు దాదాపు అన్నీ జోడింపు పద్ధతిలో నడుస్తాయి, అంటే సగం మీది, సగం సిటీది, దానికీ ఒక గరిష్ఠ పరిమితి. బ్రాంప్టన్‌లో ఏళ్లుగా ఉన్న పథకం అర్హమైన ఖర్చులో సగం, గరిష్ఠంగా 10,000 డాలర్లు. కిచెనర్‌లో సగమే, కానీ 500 నుంచి 3,000 డాలర్ల మధ్య. టొరంటోలోనూ అర్హమైన ఖర్చులో సగం వరకు ఇస్తారు. ఇవి కౌన్సిల్ బడ్జెట్‌ను బట్టి మారేవి కనుక, మీరు దరఖాస్తు చేసే సంవత్సరపు మార్గదర్శకాలనే ప్రమాణంగా తీసుకోండి.

లెక్క ఎలా తేలుతుందో ఒక ఉదాహరణలో చూద్దాం. గరిష్ఠ పరిమితి 10,000 డాలర్లు, ఆమోదించిన కొటేషన్ 18,000 డాలర్లు అనుకుంటే మీకు మంజూరయ్యేది 9,000. పని 16,000లో ముగిస్తే 8,000 వస్తుంది. పని పెరిగి 21,000 అయినా మంజూరైన 9,000 దాటదు. పెరిగిన 3,000 పూర్తిగా మీ జేబులోంచే పోతుంది.

చాలామందికి తెలియని మెలిక ఇంకొకటుంది. సిటీ అడ్వాన్సు ఇవ్వదు. పని పూర్తిచేసి, కాంట్రాక్టరుకు మొత్తం చెల్లించి, రసీదులు చూపించి, తనిఖీ ముగిశాకే చెక్కు వస్తుంది. కాబట్టి మొత్తం సొమ్ము మీ దగ్గర సిద్ధంగా ఉండాలి, లేదా గృహరుణంలో వెసులుబాటు ఉండాలి. 13 శాతం హెచ్‌ఎస్‌టీని (అమ్మకపు పన్నును) అర్హమైన ఖర్చులో కలుపుతారా లేదా అన్నది ఊరిని బట్టి మారుతుంది, అడిగి తెలుసుకోండి. మీరు స్వయంగా చేసిన పనికి కూలీ లెక్కగట్టరు.

ఇవి ముందే సరిచూసుకోండి:

- ఆస్తి పన్ను బకాయి లేదు
- ఇంటి మీద సిటీ ఉల్లంఘన నోటీసులేవీ పెండింగులో లేవు
- ఇంటి బీమా అమలులో ఉంది
- దరఖాస్తుదారు పేరు, టైటిల్ మీది పేరు ఒకటే (దంపతులిద్దరి పేర్లూ ఉంటే ఇద్దరి సంతకాలూ కావాలి)
- ఇదే పనికి గతంలో గ్రాంటు తీసుకుని ఉంటే మళ్లీ ఎన్నేళ్లకు అర్హత వస్తుందో తెలుసు

## 4. నీరు ఎటు నుంచి వస్తోందో చూసి పనుల వరుస నిర్ణయించండి

అందంగా కనిపించే పనిని ముందు పెట్టడం సహజమైన కోరికే, కానీ దరఖాస్తును పరిశీలించేవారు మొదట అడిగేది కారణం గురించి. వసారా స్తంభం అడుగు కుళ్లిందంటే పైనుంచి వాన గొట్టం కారుతూ ఉండవచ్చు. గొట్టం సరిచేయకుండా స్తంభానికి డబ్బు అడిగితే, నాలుగేళ్లలో మళ్లీ కుళ్లే పనికి సొమ్ము ఎందుకివ్వాలని వారు అనుకోవడంలో తప్పేమీ లేదు.

అందుకని పైకప్పు, వాన గొట్టాలు, పొగగొట్టం, గోడలు, కిటికీలు, చివరగా రంగు అన్న వరుసలో పరిశీలించండి. ప్రతి సమస్యకూ రెండు ఫోటోలు తీయండి: ఒకటి గోడ మొత్తం కనిపించేలా, మరొకటి దెబ్బతిన్న చోటు పక్కన కొలబద్ద పెట్టి దగ్గరగా. ఫోటో మీద తేదీ ఉండాలి. పనికి ముందు ఏ కోణంలో తీశారో పని తరువాతా అదే కోణంలో తీయాలి కనుక నిలబడిన చోటు కూడా గుర్తు పెట్టుకోండి.

## 5. ప్లానర్‌తో ముందస్తు మాట

ఫారం నింపక ముందే హెరిటేజ్ ప్లానర్‌తో మాట్లాడండి. దీనికి రుసుమేమీ ఉండదు. మూడు ప్రశ్నలు చాలు: ఈ పనిలో ఏ భాగానికి అర్హత ఉంది? హెరిటేజ్ పర్మిట్ (వారసత్వ లక్షణాలను మార్చే పనికి సిటీ ఇచ్చే అనుమతి) కావాలా? ఈ ఏడాది నిధులు మిగిలి ఉన్నాయా, గడువు ఎప్పుడు?

గ్రాంటు నిధి చాలా ఊళ్లలో చిన్నది; అయిపోతే వచ్చే ఏడాది దాకా ఆగాల్సిందే. సున్నం, ఇటుక పనులకు మే నుంచి సెప్టెంబరు వరకే వాతావరణం అనుకూలం. కాబట్టి శరదృతువులో ప్లానర్‌ను కలిసి, చలికాలంలో కొటేషన్లు తెచ్చుకుని, కొత్త బడ్జెట్ వచ్చీరాగానే దరఖాస్తు పెట్టడం మంచి ప్రణాళిక. జూన్‌లో ఆలోచన పుట్టి జులైలో దరఖాస్తు పెట్టినవారు అనుమతి వచ్చేసరికి మంచు ముంగిట నిలబడతారు.

## 6. కొటేషన్లు: దరఖాస్తుకు ప్రాణం ఇక్కడే ఉంది

సాధారణంగా రెండు కొటేషన్లు అడుగుతారు. రెండూ ఒకే పనికి, ఒకే పద్ధతికి ఇచ్చినవై ఉండాలి. ఒకరు చెక్క కిటికీ బాగుచేయడానికి, మరొకరు కొత్త వినైల్ కిటికీ పెట్టడానికి ఇస్తే వాటిని పోల్చడానికి లేదు.

"ముందు వసారా రిపేరు, మొత్తం 14,800 డాలర్లు" అని ఒక్క వాక్యంలో ఉన్న కాగితంతో ప్లానర్ ఏమీ చేయలేరు. అదే పనిని ఇలా రాయించండి:

- వసారా స్తంభాలు నాలుగు. ఉత్తరం వైపు రెండింటికి అడుగున 300 మిల్లీమీటర్ల మేర కుళ్లు ఉంది
- కుళ్లిన మేర మాత్రం కోసి, అదే జాతి చెక్కతో అదే ఆకృతిలో అతుకు వేయడం
- మిగిలిన రెండు స్తంభాలకు పాత రంగు గీకి, ప్రైమర్, రెండు పూతలు
- అడుగున నీరు నిలవకుండా కొత్త సీసపు రేకు
- ప్రతి అంశానికీ విడిగా సామగ్రి ధర, కూలి, పన్ను

అర్హత లేని పనులు, ఉదాహరణకు వసారాలో కొత్త దీపాలు, అదే కాంట్రాక్టరు చేస్తున్నా వేరే పేజీలో పెట్టించండి. కలిపి రాస్తే విడదీయడం ఎవరికీ సాధ్యం కాదు, మొత్తం అంశమే కొట్టేస్తారు.

కాంట్రాక్టరును ఎంచుకునేటప్పుడు బంధువు సిఫారసు కన్నా పాత ఇళ్ల పనిలో అనుభవం ముఖ్యం. ఆయన చేసిన పని మూడు చలికాలాలు దాటిన ఇంటిని ఒక్కదాన్నయినా చూపించమనండి. సిటీలు సాధారణంగా ఫలానా కాంట్రాక్టరును తీసుకోమని చెప్పవు. నిర్మాణపరమైన పెద్ద పని అయితే కెనడా హెరిటేజ్ నిపుణుల సంఘం సభ్యుల జాబితా నుంచి ఆర్కిటెక్టునో ఇంజనీరునో వెతుక్కోవచ్చు.

## 7. ఇటుక దర్జలు: ఎక్కువ ఇళ్లు పాడయ్యే పని

పాత ఇటుక గోడకు దర్జలు (ఇటుకల మధ్య సందులు) నింపే పని గ్రాంటు జాబితాలో తరచూ కనిపించేది, తరచూ చెడిపోయేది కూడా. "పాత సున్నం రాలిపోతోందండీ, సిమెంట్ పెట్టేస్తే ఇక వందేళ్లు చూసుకోనక్కరలేదు" అని ఏ మేస్త్రీ అయినా అంటే అక్కడే ఆగండి.

ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ల దాకా కట్టిన గోడల్లో ఇటుక మెత్తనిది, దాన్ని పట్టి ఉంచిన సున్నపు మిశ్రమం అంతకన్నా మెత్తనిది. మన ఊళ్ల పాత మేడల్లోని డంగు సున్నంలాగే అది గోడలోని తేమను తనగుండా బయటికి పంపేస్తుంది. దర్జలో గట్టి పోర్ట్‌లాండ్ సిమెంట్ నింపితే తేమకు దారి మూసుకుపోయి, అది ఇటుకలోంచే బయటపడాల్సి వస్తుంది. చలికాలంలో ఆ నీరు గడ్డకట్టి ఉబ్బినప్పుడల్లా ఇటుక ముఖం పెచ్చులుగా రాలుతుంది. అలాంటి గోడను దగ్గరగా చూస్తే ఇటుకలు లోపలికి అరిగిపోయి, సిమెంట్ గీతలు మాత్రం చిన్న అరల్లా ముందుకు పొడుచుకుని కనిపిస్తాయి.

మీ గోడలో ఉన్నదేమిటో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష చేయండి. కనిపించని మూలలో దర్జను తాళంచెవి మొనతో గీకండి. సున్నమైతే పొడిగా రాలుతుంది. సిమెంటయితే తాళంచెవి జారిపోతుంది. ఇది స్థూలమైన అంచనా మాత్రమే, పెద్ద పనికి నమూనాను ప్రయోగశాలకు పంపడం మేలు.

కొటేషన్‌లో ఇవి రాసి ఉన్నాయో లేదో చూడండి:

- పాత మిశ్రమానికి సరిపోయే సున్నపు మిశ్రమం. ఇసుక రంగు, రేణువు పరిమాణం జతపరచడం
- పాత దర్జను దాని వెడల్పుకు రెండు నుంచి రెండున్నర రెట్ల లోతు వరకు తీయడం (10 మిల్లీమీటర్ల దర్జకు 20 నుంచి 25 మిల్లీమీటర్లు)
- నిలువు దర్జలకు గ్రైండరు వాడకుండా ఉలి, సుత్తితో తీయడం
- ముందుగా గోడలో చిన్న నమూనా చేసి ప్లానర్‌కు చూపించడం
- ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గినప్పుడు పని ఆపడం
- సున్నం గట్టిపడేదాకా తడి గోనెపట్టాలతో కప్పి ఉంచడం

ఇసుక ఊది గోడను శుభ్రం చేయడం, నీరు ఇంకకుండా పూత పూయడం అన్న మాటలు కొటేషన్‌లో ఉంటే తీసేయించండి. మొదటిది ఇటుక పైపొరను ఊడ్చేస్తుంది, రెండవది తేమను లోపల బంధిస్తుంది.

## 8. కిటికీలు

కెనడాలో వారసత్వ కట్టడాలకు వాడే జాతీయ ప్రమాణాలూ మార్గదర్శకాలూ ఒక సూత్రం మీద నడుస్తాయి: బాగుచేయగలిగినదాన్ని బాగుచేయాలి, వీలుకానప్పుడే అదే రూపంలో మార్చాలి. కిటికీల దగ్గర దరఖాస్తుదారులు దీన్ని ఎక్కువగా మరచిపోతారు. చలిగాలి వస్తోందన్న కారణంతో చెక్క కిటికీ పీకేసి వినైల్ పెడితే గ్రాంటు రాదు, పర్మిట్ కూడా రాకపోవచ్చు. పాత రెక్కలకు పుట్టీ, తాళ్లు, కుళ్లిన మేర అతుకు, బయట చెక్కతో చేసిన స్టార్మ్ కిటికీ (చలిగాలిని ఆపే అదనపు కిటికీ) అన్న పద్ధతిలో దరఖాస్తు పెట్టండి. 1960కి ముందు కట్టిన ఇంటి రంగులో సీసం ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి, గీకే ముందు పరీక్ష చేయించి, పిల్లలను ఆ గదికి దూరంగా ఉంచండి.

## 9. దరఖాస్తు, అనుమతులు

గ్రాంటు ఆమోదం ఒకటి, హెరిటేజ్ పర్మిట్ మరొకటి, బిల్డింగ్ పర్మిట్ ఇంకొకటి. ఒకటి వస్తే మిగిలినవి వచ్చినట్టు కాదు.

వారసత్వ లక్షణాలకు మార్పు కలిగించే పనికి, 4వ భాగం కింది ఇంటికైతే 33వ సెక్షన్, 5వ భాగం కింది ఇంటికైతే 42వ సెక్షన్ ప్రకారం అనుమతి తీసుకోవాలి. దరఖాస్తు పూర్తిగా అందిందని సిటీ అధికారికంగా నోటీసు ఇచ్చాక కౌన్సిల్ 90 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. చిన్న పనులకు కౌన్సిల్ తన అధికారాన్ని సిబ్బందికి అప్పగించిన ఊళ్లలో ఇది త్వరగా ముగుస్తుంది. అనుమతి లేకుండా మార్పులు చేస్తే వ్యక్తికి 50,000 డాలర్ల వరకు జరిమానా, ఏడాది వరకు జైలు, లేదా రెండూ విధించే వీలు చట్టంలో ఉంది.

దరఖాస్తు కట్టలో ఉండాల్సినవి:

- నింపి సంతకం చేసిన ఫారం
- బైలా ప్రతి, అందులో సంబంధిత లక్షణాలకు గుర్తులు
- పని వివరణ: ఇప్పుడున్న స్థితి, కారణం, పద్ధతి, సామగ్రి
- తేదీలున్న ఫోటోలు
- కొలతలతో కూడిన గీతలు (కొత్తగా తయారుచేసే భాగం ఉంటే)
- పాత ఫోటో, ఉంటే. పోయిన భాగాన్ని తిరిగి నిలబెట్టే పనికి ఇది దాదాపు తప్పనిసరి
- అంశాలవారీ కొటేషన్లు రెండు

పాత ఫోటోల కోసం స్థానిక గ్రంథాలయం, ఆర్కైవ్స్ అడగండి. ఆధారం లేకుండా "అప్పట్లో ఇలాగే ఉండేది" అని ఊహించి కట్టే అలంకారానికి డబ్బివ్వరు. అలా కట్టకపోవడమే ఇంటికీ మంచిది.

## 10. పని జరుగుతున్నప్పుడు

ఆమోదం లేఖలో ఉన్న షరతులను కాంట్రాక్టరు ఒప్పందానికి జతచేసి ఆయనతో సంతకం చేయించండి. పని మధ్యలో ఏదైనా మారితే, అంటే గోడ తెరిచాక లోపలి దూలం కుళ్లిందని తేలితే, పని ఆపి ఫోటో తీసి అదే రోజు ప్లానర్‌కు రాయండి. సవరించిన ఆమోదం ఈమెయిలులోనైనా వచ్చాకే కొనసాగించాలి. కప్పేసిన తరువాత చెబితే తనిఖీకి ఏమీ మిగలదు.

చెల్లింపులు చెక్కు ద్వారానో బ్యాంకు బదిలీ ద్వారానో చేయండి. నగదు ఇస్తే పన్ను మినహాయిస్తానని కాంట్రాక్టరు అంటే ఒప్పుకోకండి. ఇన్‌వాయిస్ లేని డాలరుకు గ్రాంటు లేదు.

## 11. సొమ్ము రాబట్టుకోవడం

పని ముగిసిన వెంటనే తనిఖీ కోరండి. పరంజా తీయక ముందే కోరితే పొగగొట్టం, పైకప్పు లాంటి వాటిని దగ్గరగా చూపించవచ్చు. తరువాత తుది ఇన్‌వాయిస్‌లు, చెల్లింపు రుజువులు, పనికి ముందు, తరువాత తీసిన ఫోటోలు కలిపి పంపాలి. ఆమోదంలో ముగింపు తేదీ ఉంటుంది. అది దాటేలా ఉంటే దాటకముందే పొడిగింపు అడగండి.

## 12. తరచూ జరిగే తప్పులు, వాటికి విరుగుడు

పని ముందే మొదలైంది. పూర్తయిన భాగానికి డబ్బు రాదు. వెంటనే ఆపి, సిటీకి నిజం చెప్పి, మిగిలిన భాగానికి అనుమతి, గ్రాంటు విడిగా అడగడం ఒక్కటే దారి. పైకప్పు ఊడిపడటం లాంటి అత్యవసరమైతే తాత్కాలికంగా టార్పాలిన్ కప్పి, శాశ్వత పనిని దరఖాస్తు దాకా ఆపండి.

అంతా ఒకే ఏడాది చేయాలనుకున్నారు. 60,000 డాలర్ల పనికి 10,000 పరిమితితో గ్రాంటు ఆరో వంతే. ఏటా దరఖాస్తుకు వీలిచ్చే ఊళ్లో అదే పనిని విడతలుగా చేస్తే సహాయం పెరుగుతుంది. ఎన్ని విడతలకు అనుమతిస్తారో ముందే అడగాలి.

గ్రాంటు తిరస్కరించారు. కారణం రాతలో తీసుకోండి. నిధులు అయిపోవడం, పత్రాలు చాలకపోవడం, పని అర్హమైనది కాకపోవడం అన్న మూడింటిలో మొదటి రెండింటికీ వచ్చే విడతలో మళ్లీ పెట్టవచ్చు. హెరిటేజ్ పర్మిట్‌ను కౌన్సిల్ నిరాకరిస్తే మాత్రం సంగతి వేరు. 30 రోజుల్లోగా అంటారియో ల్యాండ్ ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకునే హక్కు ఉంది.

## 13. పన్ను వాపసు కూడా చూడండి

మునిసిపల్ చట్టం 365.2 సెక్షన్ ప్రకారం, వారసత్వ ఆస్తి పన్నులో 10 నుంచి 40 శాతం వరకు తగ్గించే లేదా తిరిగి ఇచ్చే పథకాన్ని నగరాలు పెట్టుకోవచ్చు. గ్రాంటు పనికి ఒకసారే వస్తుంది, ఇది అర్హత ఉన్నన్నాళ్లూ ఏటా వస్తుంది. అయినా దీని గురించి అడిగేవారు తక్కువ. ఇందుకు సిటీతో పరిరక్షణ ఒప్పందం చేసుకోవాలి. ఆ ఒప్పందం ఆస్తితోపాటే కొనుగోలుదారుకు సంక్రమించవచ్చు కాబట్టి, సంతకానికి ముందు లాయరుకు చూపించండి. రెండు మూడేళ్లలో ఇల్లు అమ్మే ఆలోచన ఉన్నవారు గ్రాంటుతో సరిపెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. అక్కడే స్థిరపడేవారు రెండింటికీ ఒకే సమావేశంలో ప్లానర్‌ను అడిగి, పన్ను వాపసు దరఖాస్తు గడువును గ్రాంటు గడువు పక్కనే రాసిపెట్టుకోవాలి. రెండూ సాధారణంగా వేర్వేరు నెలల్లో వస్తాయి, పన్ను వాపసుకు చాలా ఊళ్లలో ప్రతి ఏడాదీ కొత్తగా దరఖాస్తు పెట్టాలి.